కోఠి దొరది ఏ ఊరు?

సికింద్రాబాద్‌లో ఎవరినైనా "మీది ఏ ఊరు?" అని అడిగి చూడండి. "లష్కర్" అంటారు. కాస్త ఆగి "అంతకు ముందు?" అని అడగండి. అప్పుడు అసలు జవాబులు బయటికొస్తాయి. ఒకరు కరీంనగర్ అంటారు, ఒకరు నెల్లూరు, ఇంకొకరు వేలూరు. తాతల కాలంలో పల్టన్‌తో వచ్చామని ఇంకొకరు. ఇక్కడ పుట్టినవాళ్లు లక్షల్లో ఉన్నారు కానీ, తరతరాలుగా మాది ఇదే ఊరు అనేవాళ్లు మాత్రం తక్కువ.

మా ఇంట్లోనూ అంతే. మా ముత్తాత రైల్వే పనికి వచ్చి లాలాగూడలో ఉండిపోయాడు. ఆయన పేరు తెలుసు. ఊరు? "జనగామ దిక్కు" అంటారు, అంతకు మించి లేదు. ఇక ముత్తవ్వ సంగతి చెప్పక్కర్లేదు. నాన్న పుట్టకముందే పోయిందట. ఊరు కాదు కదా, పేరు కూడా ఎవరి నోటా వినలేదు.

ఇదంతా నన్నెప్పుడూ ఇబ్బంది పెట్టలేదు. పోయిన ఏడాది మా చిన్నాన్న కొడుకు నుంచి ఒక వాట్సాప్ మెసేజ్ వచ్చేదాకా.

వాడు అమెరికాలో, సౌత్ కరోలినాలోని చార్లెస్టన్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. వాడి ఆఫీసులో ఒకాయన భోజనాల వేళ తన ఫ్యామిలీ ట్రీ చూపించాడట. 1630లలో ఇంగ్లండ్ నుంచి ఓడెక్కి వచ్చిన తాత దగ్గర్నుంచి మొత్తం పదమూడు తరాలు. పేర్లు, పెళ్లి తేదీలు, ఇంగ్లండ్‌లో ఏ ఊరి చర్చిలో బాప్టిజం అయ్యిందో కూడా ఉందట. "మీది చూపించు" అన్నాడట ఆయన. మావాడు కాగితం మీద గీస్తే మూడు తరాలకే పెన్ను ఆగిపోయింది.

"అక్కా, వాళ్లకు పదమూడు, మనకు మూడేంది? నువ్వు అక్కడే ఉన్నవ్ కదా, జర కనుక్కో" అన్నాడు.

సరే అన్నాను. కానీ ఎలా వెతుకుతారో నాకు తెలిస్తే కదా! అందుకే ముందు ఒక ప్రాక్టీస్ చేద్దామనుకున్నా. కాగితాలు బాగా దొరికే మనిషిని, మన ఊరితో సంబంధం ఉన్న మనిషిని పట్టుకుని వెనక్కి వెళ్లి చూద్దామని. ఆ మనిషి ఎవరో ఆలోచించడానికి ఎక్కువ టైమ్ పట్టలేదు. కోఠిలో పెద్ద బంగ్లా కట్టించిన దొర.

మన ఊరి పునాదిలో ఒక సంతకం

ఆయన పేరు జేమ్స్ అకిలిస్ కిర్క్‌పాట్రిక్. హైదరాబాద్‌లో ఈస్టిండియా కంపెనీ తరఫున రెసిడెంట్, అంటే నిజాం దర్బారులో కంపెనీ ప్రతినిధి. "వైట్ మొఘల్స్" పుస్తకం చదివినవాళ్లకు వెంటనే గుర్తొస్తాడు. విలియం డాల్రింపుల్ రాసిన ఆ పుస్తకం 2002లో వచ్చింది. హైదరాబాదీ ఉన్నత కుటుంబానికి చెందిన ఖైరున్నిసాను ప్రేమించి పెళ్లి చేసుకున్న కథ అది.

ఆ ప్రేమకథ చాలామందికి తెలుసు. సికింద్రాబాద్‌కు ఆయనతో ఉన్న లింకు మాత్రం అంతగా తెలియదు. 1798 సెప్టెంబర్ 1న రెండో నిజాం నిజాం అలీఖాన్‌కు, కంపెనీకి మధ్య సైన్య సహకార ఒప్పందం కుదిరింది. దాన్ని కుదిర్చింది ఈయనే. దాని ప్రకారం కంపెనీకి చెందిన ఆరు బెటాలియన్లు నిజాం ఖర్చుతో ఇక్కడ ఉండాలి. ఆ సైన్యం హుస్సేన్ సాగర్‌కు అవతలి వైపు గుడారాలు వేసింది. గుడారాల చుట్టూ బజార్లు, బజార్ల చుట్టూ ఇళ్లు వెలిశాయి. మూడో నిజాం సికందర్ జా పేరు మీద 1806లో అది సికింద్రాబాద్ అయింది. లష్కర్ అంటే సైన్యం. మనం ఇప్పటికీ "లష్కర్ బోనాలు" అంటున్నామంటే, ఆ గుడారాల పేరే పలుకుతున్నామన్నమాట.

ఇంకో మాట. 1800లో జరిగిన మరో ఒప్పందంతో ఇప్పటి కడప, అనంతపురం, బళ్లారి ప్రాంతాలు నిజాం చేతి నుంచి కంపెనీకి వెళ్లిపోయాయి. దత్తమండలాలు అని స్కూల్లో చదువుకున్నాం కదా, అవే. ఆ చర్చల్లోనూ ఈయనే ఉన్నాడు. అంటే తెలంగాణలో ఒక ఊరి పుట్టుక మీద, రాయలసీమ తలరాత మీద కూడా ఒకే మనిషి ముద్ర ఉంది. మరి ఆ మనిషిది ఏ ఊరు?

ఇంగ్లిష్ దొర అనుకున్నా

ఇంగ్లండ్ నుంచి వచ్చాడు, ఇంగ్లిష్ దొర. నేను అలాగే అనుకున్నా. మొదటి కాగితమే నా అంచనాను తలకిందులు చేసింది. ఆయన పుట్టింది 1764లో, మద్రాసులోని సెయింట్ జార్జ్ కోటలో. తల్లి క్యాథరిన్ మన్రో. ఆమె మద్రాసులోని ఒక డాక్టర్ కూతురు. పిల్లవాడికి సరిగా ఊహ కూడా తెలియకముందే ఆమె చనిపోయింది.

ఇలాంటి వివరాలు ఎలా దొరుకుతాయంటే, కంపెనీ ఉన్న చోట చర్చిల్లో జరిగిన బాప్టిజంలు, పెళ్లిళ్లు, ఖననాల లెక్క కాపీ తీసి లండన్‌కు పంపేవాళ్లు. బెంగాల్, మద్రాస్, బొంబాయి అని మూడు వరసలు. అవి ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి, చాలావరకు ఆన్‌లైన్‌లోకీ వచ్చాయి. సికింద్రాబాద్ నిజాం రాజ్యంలో ఉన్నా, ఇక్కడి కంటోన్మెంట్ లెక్కలు మద్రాస్ వరసలోకే వెళ్లేవి. 1813లో కట్టిన మన సెయింట్ జాన్స్ చర్చి ముందు నుంచి రోజూ బస్సులో వెళ్లేదాన్ని. అలాంటి చర్చిల్లో రాసిన ఒక్కో లైను కోసం ఆస్ట్రేలియాలో, కెనడాలో ఎవరో ఒకరు రాత్రంతా వెతుకుతుంటారని అప్పుడు తెలియదు.

సరే, మద్రాసులో పుట్టాడు. మరి తండ్రి? ఆయన పేరు కూడా జేమ్స్ కిర్క్‌పాట్రికే. మద్రాసు సైన్యంలో కల్నల్. అందగాడని పేరు, "హ్యాండ్సమ్ కల్నల్" అనే పిలిచేవాళ్లు. ఆయన ఎక్కడ పుట్టాడని చూస్తే, సౌత్ కరోలినా!

వెంటనే తమ్ముడికి మెసేజ్ పెట్టా. "అరేయ్, కోఠి దొర తండ్రిది మీ ఊరి దిక్కేరా."

అక్కడ అర్ధరాత్రి. అయినా రెండు నిమిషాల్లో నీలం టిక్కులు వచ్చాయి. "మజాక్ చేస్తున్నవా అక్కా?"

సముద్రం దాటే ముందు ఆగాలి

ఇక్కడ అమెరికా వాళ్ల పద్ధతి గురించి కాస్త చెప్పాలి. వంశాన్ని వెతకడం అక్కడ చాలామందికి ఒక పిచ్చి లాంటిది. బోస్టన్‌లో దీని కోసమే ఒక సొసైటీని 1845లో పెట్టారు. 1620 నుంచి 1640 దాకా న్యూ ఇంగ్లండ్‌కు వచ్చిన దాదాపు ఇరవై వేల మందిలో ఎవరెవరు ఎక్కడి నుంచి వచ్చారో తేల్చడానికి 1988లో ఒక పెద్ద ప్రాజెక్టు మొదలుపెట్టారు. ఇంగ్లండ్‌లో 1538 నుంచే ప్రతి ఊరి చర్చీ రిజిస్టర్ రాయాలని రూలు ఉంది కాబట్టి వాళ్లకు వెతకడానికి ఏదో ఒకటి ఉంటుంది. అయినా, 1620లో మేఫ్లవర్ ఓడలో వచ్చిన 102 మందిలోనే కొందరి సొంతూరు ఇప్పటికీ తేలలేదు.

ఎందుకంటే అసలు చిక్కు సముద్రం దగ్గరే. ఇటువైపు జాన్ స్మిత్ ఉంటాడు, అటువైపూ జాన్ స్మిత్ ఉంటాడు. ఇద్దరూ ఒకరే అని ఎలా చెప్తాం? మన దగ్గర ఒకే మండలంలో వెంకటేశ్వర్లు పేరుతో ఎంతమంది ఉంటారో ఆలోచించండి. అందుకే వాళ్లు మూడు రూల్స్ పాటిస్తారు.

ఒకటి, తెలిసిన మనిషి నుంచి మొదలుపెట్టి ఒక్కో తరం వెనక్కి పోవాలి, మధ్యలో దూకకూడదు. రెండు, పేరు కలిసినంత మాత్రాన మనిషి కలిసినట్టు కాదు. వీలునామానో, ఉత్తరమో, బంధువు పేరో, రెండు ఒడ్లనూ కలిపే ఇంకో ఆధారం ఉండాలి. మూడు, పెద్ద ఇంటి పేరు దొరికిందని సంబరపడి దానికి అతుక్కోవద్దు.

ఈ మూడు రూల్సూ కిర్క్‌పాట్రిక్ దగ్గర నాకు పనికొచ్చాయి. ముఖ్యంగా మూడోది.

మశూచి డాక్టర్

కల్నల్ తండ్రి ఒక డాక్టర్. 1717లో, ఇంకా ఇరవై ఏళ్ల కుర్రాడిగా ఉండగా సౌత్ కరోలినాకు వచ్చాడు. అప్పటికి అది ఇంగ్లండ్ కింద ఉన్న కాలనీ. వరి తోటలు, నౌకాశ్రయం, తోటల్లో చాకిరీకి ఆఫ్రికా నుంచి పట్టుకొచ్చిన బానిసలు. అదీ అప్పటి చార్లెస్టన్.

1738లో అక్కడ మశూచి విరుచుకుపడింది. ఆఫ్రికా నుంచి బానిసలను తెచ్చిన ఓడ ద్వారా వచ్చిందని చెప్తారు. మన ఊళ్లలో అమ్మవారు పోసింది అనే జబ్బే. అప్పటికి ఇంకా టీకా కనిపెట్టలేదు. జెన్నర్ ఆవు మశూచి టీకా వేసింది 1796లో. అంతకు ముందున్న దారి ఒక్కటే. మశూచి పొక్కులోని రసాన్ని ఆరోగ్యంగా ఉన్న మనిషి చర్మం మీద చిన్న గాటు పెట్టి ఎక్కించడం. జబ్బు తక్కువగా వచ్చి పోతుంది, ఆ తర్వాత మళ్లీ రాదు. కానీ రిస్క్ ఉంది. కొందరు చనిపోతారు కూడా. ఈ పద్ధతి మన దేశంలో, ఆఫ్రికాలో, టర్కీలో ముందు నుంచే ఉంది. యూరప్ వాళ్లు మెల్లగా నేర్చుకున్నారు.

ఈ డాక్టర్ చార్లెస్టన్‌లో చాలామందికి అలా ఎక్కించాడు. ఊళ్లో ఇంకో డాక్టర్ థామస్ డేల్‌తో పెద్ద గొడవైంది. అక్కడి "సౌత్ కరోలినా గెజిట్" పత్రికలో ఒకరి మీద ఒకరు రాసుకున్నారు. ఇప్పుడు మనం సోషల్ మీడియాలో టీకాల మీద కొట్టుకున్నట్టే! ఆ తర్వాత ఆయన లండన్ వెళ్లిపోయాడు. 1743లో ఆ అనుభవాల మీద ఒక పుస్తకం, 1754లో ఇంకో పెద్ద పుస్తకం రాసి యూరప్ అంతా పేరు తెచ్చుకున్నాడు. 1770లో చనిపోయాడు.

అంటే మన రెసిడెంట్‌కు తాత చార్లెస్టన్ డాక్టర్, తండ్రి కరోలినాలో పుట్టిన కల్నల్, ఆయన పుట్టింది మద్రాసులో. ఇంగ్లిష్ దొర అనుకున్న మనిషి పుట్టుకలో అప్పటికి ఇంగ్లండే తగల్లేదు.

ఒక్క అక్షరం మారింది

నేను ఇంత సులువుగా చెప్తున్నా గానీ, ఈ డాక్టర్ దగ్గర రెండు రోజులు ఇరుక్కుపోయా. కరోలినా కాగితాల్లో "కిర్క్‌పాట్రిక్" అని ఎంత వెతికినా ఆ డాక్టర్ దొరకడు. ఎందుకంటే అక్కడ ఉన్నన్నాళ్లూ ఆయన ఇంటిపేరు కిర్క్‌పాట్రిక్ కాదు. కిల్‌పాట్రిక్!

లండన్ వెళ్లాక మార్చుకున్నాడు. అర్థంలో పెద్ద తేడా లేదు. ఐర్లండ్ పాత భాషలో "కిల్" అంటే చర్చి, స్కాట్లండ్ వాళ్ల మాటలో "కిర్క్" అన్నా చర్చే. రెండూ పాట్రిక్ గుడి అనే. కానీ వినడానికి తేడా ఉంది. కిర్క్‌పాట్రిక్ అనేది స్కాట్లండ్‌లో పేరున్న ఇల్లు. డంఫ్రీస్ ప్రాంతంలో కోట ఉన్న వంశం. లండన్‌లో కొత్తగా బోర్డు పెట్టుకునే డాక్టర్‌కు ఏ పేరు బాగుంటుందో మీరే చెప్పండి.

అందుకే ఈ కుటుంబం గురించి చదువుతుంటే రెండు కథలు కనిపిస్తాయి. ఒకటి, స్కాట్లండ్‌లోని డంఫ్రీస్ నుంచి రాజు మీద తిరుగుబాటులో దెబ్బతిని అమెరికా పారిపోయారని. ఇంకోటి, డాక్టర్ పుట్టింది 1696 ప్రాంతంలో ఐర్లండ్‌లోని కారిక్‌ఫెర్గస్ అనే రేవు ఊళ్లో, చదివింది ఎడిన్‌బరోలో, కరోలినా వెళ్లింది అక్కడున్న బాబాయి దగ్గరికి అని.

మొదటిది వినడానికి సినిమాలా ఉంటుంది. రెండోదానికి బాబాయి ఉన్నాడు, కాలేజీ ఉంది, ఊరు ఉంది. మూడో రూలు గుర్తుందిగా? నేను కారిక్‌ఫెర్గస్ దగ్గరే ఆగాను. 1600ల మొదట్లో స్కాట్లండ్ నుంచి వేలమంది ఐర్లండ్ ఉత్తర భాగానికి వచ్చి స్థిరపడ్డారు కాబట్టి రెండు కథలూ ఎక్కడో కలవొచ్చు. కానీ "కలవొచ్చు" అనే మాటతో తరం రాసుకోకూడదు.

తమ్ముడికి ఇదంతా చెప్తే వాడు ఆదివారం పూట చార్లెస్టన్ పాత ఊళ్లోని సెయింట్ ఫిలిప్స్ చర్చి దగ్గరికి వెళ్లి ఫోటో పంపాడు. ఆ పారిష్ పాత రిజిస్టర్లు పుస్తకంగా అచ్చయ్యాయి. ఇప్పుడున్న భవనం మాత్రం పాతది కాలిపోయాక 1830లలో కట్టింది. "అక్కా, వీళ్ల పెళ్లి, చావు అన్నీ రాసి ఉన్నయ్. కానీ తోటల్ల పనిచేసినోళ్లవి?" అని అడిగాడు.

వాళ్ల పేర్లు కూడా కాగితాల మీద ఉన్నాయి. చర్చి రిజిస్టర్‌లో కాదు, యజమాని చనిపోయినప్పుడు రాసే ఆస్తి జాబితాల్లో. ఆవులు, మంచాలు, బల్లల పక్కన ఒట్టి పేరు, దాని పక్కన ధర. ఇంటిపేరు లేదు, ఊరు లేదు. ఆ మనుషుల మునిమనవళ్లు ఇవాళ ఆ జాబితాల్లోనే తమ తాతలను వెతుక్కుంటున్నారు.

సాహిబ్ బేగం ఎలా కిట్టీ అయింది

పేరు మారడం ఆ డాక్టర్‌తో ఆగలేదు. హైదరాబాద్‌లో కిర్క్‌పాట్రిక్‌కు, ఖైరున్నిసాకు ఇద్దరు పిల్లలు. 1801లో బాబు, 1802లో పాప. ఇంట్లో పేర్లు సాహిబ్ ఆలం, సాహిబ్ బేగం. 1805లో వాళ్లను మద్రాసులో ఓడెక్కించి ఇంగ్లండ్‌లోని తాత దగ్గరికి, అంటే ఆ అందగాడు కల్నల్ దగ్గరికి పంపేశారు. బాబుకు నాలుగేళ్లు, పాపకు మూడు. అదే ఏడాది అక్టోబర్‌లో తండ్రి కలకత్తాలో చనిపోయాడు. తల్లి వాళ్లను మళ్లీ చూడలేదు. ఆమె 1813లో పోయింది.

1806 మార్చి 25న లండన్‌లోని మారిల్‌బోన్ చర్చిలో పిల్లలకు బాప్టిజం జరిగింది. రిజిస్టర్‌లో సాహిబ్ ఆలం, సాహిబ్ బేగం అనే పిల్లలు ఉండరు. విలియం జార్జ్ కిర్క్‌పాట్రిక్, క్యాథరిన్ అరోరా కిర్క్‌పాట్రిక్ ఉంటారు. ఆ పాపనే అందరూ కిట్టీ అన్నారు. ఆ రిజిస్టర్ ఒక్కటే చూస్తే ఆ పిల్లలకు హైదరాబాద్‌లో ఒక అమ్మ, అమ్మమ్మ ఉన్నారని తెలిసే వీల్లేదు.

కానీ కిట్టీ మర్చిపోలేదు. నలభై ఏళ్ల వయసుకు దగ్గర పడ్డాక, హైదరాబాద్‌లో అమ్మమ్మ షరఫున్నిసా ఇంకా బతికే ఉందని తెలిసింది. ఇద్దరి మధ్య ఉత్తరాలు నడిచాయి. ఈమెకు పారసీ రాదు, ఆమెకు ఇంగ్లిష్ రాదు. మధ్యలో ఎవరో అనువాదం చేసి చెప్పాలి. మళ్లీ కలుసుకోలేదు. అమ్మమ్మ 1847లో, మనవరాలు 1889లో పోయారు.

కోఠిలో ఆ బంగ్లా ఇప్పుడు మహిళా విశ్వవిద్యాలయం ఆవరణలో ఉంది. చాకలి ఐలమ్మ పేరు పెట్టింది ఆ యూనివర్సిటీకే. రిపేర్లు చేసి 2023లో మళ్లీ తెరిచారు. ఎప్పుడైనా వెళ్తే వెనక తోటవైపు చూడండి. ఖైరున్నిసా ఉన్న జనానా ఇప్పుడు లేదు. పడగొట్టేశారు. దొర మెట్లు, దొర స్తంభాలు మాత్రం ఉన్నాయి.

మన లెక్క ఎవరు రాశారు?

ఇక్కడిదాకా వచ్చాక నాకు ఒకటి అర్థమైంది. తరాలు ఉండనివాళ్లు ఎవరూ లేరు, రాసిపెట్టుకోనివాళ్లే ఉన్నారు. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, వాళ్ల గురించి ఎవరూ రాయలేదు.

కానీ మనవాళ్లు పూర్తిగా ఖాళీ చేతులతో లేరు. మనది కాగితం మీద కాకుండా నోట్లో ఉంది. లష్కర్ బోనాలే తీసుకోండి. ఉజ్జయినీ మహంకాళి గుడి కథలో ఉన్నది రాజు కాదు, జమీందారు కాదు. సైన్యంలో డోలీ మోసే సురిటి అప్పయ్య. 1813లో ఇక్కడ కలరా వచ్చినప్పుడు ఆయన ఉజ్జయినిలో ఉన్నాడని, తగ్గితే ఇక్కడ గుడి కడతానని మొక్కుకున్నాడని చెప్తారు. డోలీ మోసే మనిషి పేరు ఏ రిజిస్టర్‌తోనూ పని లేకుండా రెండొందల ఏళ్లు నిలబడింది, ఏటా బోనంతో పాటు.

అలాగే మన ఊళ్లలో కులాలకు కథ చెప్పేవాళ్లు ఉండేవాళ్లు. ఇప్పటికీ అక్కడక్కడా ఉన్నారు. పద్మశాలీలకు సాధనాశూరులు, గొల్లలకు మందహెచ్చులు, మాదిగలకు డక్కలివాళ్లు, రెడ్లకు, కాపులకు గోత్రాలు, వంశాలు చెప్పే వంశరాజులు. ఏళ్లకొకసారి వచ్చి, పాడి, పేర్లు గుర్తుచేసి, తమ వంతు తీసుకుని వెళ్లేవాళ్లు. ఊరు వదిలి లాలాగూడకు వచ్చేసిన మా ముత్తాత ఇంటికి మాత్రం వాళ్లు రాలేదు. ఊరు వదిలినప్పుడే ఆ లెక్క కూడా తెగిపోయింది.

మీరూ మొదలుపెట్టాలంటే

ఈ ప్రయాణంలో నేర్చుకున్నవి కొన్ని చెప్తా. అన్నిటికంటే ముందు ఇంట్లో అందరికంటే పెద్దవాళ్ల దగ్గర కూర్చోండి. అడిగి, ఒప్పుకుంటేనే ఫోన్‌లో రికార్డ్ చేయండి. "మన వంశం చెప్పు" అంటే ఏమీ రాదు. "మీ పెళ్లికి ఎవరెవరు వచ్చారు? బండ్లు ఎక్కడ ఆపారు?" అని అడగండి. ఊళ్లు వాటంతట అవే బయటికొస్తాయి.

తర్వాత ఇంటిపేరు చూడండి. మనలో చాలా ఇంటిపేర్లు ఊరి పేర్లే. ఎప్పుడో వదిలొచ్చిన ఊరు మీ ఆధార్ కార్డు మీదే ఉండొచ్చు. కానీ రెండో రూలు మర్చిపోవద్దు. ఆ పేరుతో ఊళ్లు నాలుగు ఉండొచ్చు.

ఆ తర్వాత ట్రంకు పెట్టె. పాత టీసీ, రైల్వే సర్వీసు కాగితం, రేషన్ కార్డు, పెళ్లి శుభలేఖ, ఏదీ పారేయొద్దు. భూమి ఉంటే 1954–55 నాటి ఖాస్రా పహాణీ, అంతకు ముందు సేత్వార్ ఉంటాయి. పాతవి ఉర్దూలో ఉంటాయి కాబట్టి చదివే పెద్దమనిషిని వెతుక్కోవాలి. తార్నాకలో మన స్టేట్ ఆర్కైవ్స్ ఉంది. మొఘలుల కాలం నాటి పారసీ కాగితాలు కూడా అక్కడ ఉన్నాయి. కాశీ, గయ వెళ్లేవాళ్లుంటే పండాల దగ్గరి పుస్తకంలో మీవాళ్ల సంతకం ఉందేమో చూడమనండి.

మీది ఆంగ్లో ఇండియన్ కుటుంబమైతే చర్చి రిజిస్టర్లతో మొదలుపెట్టొచ్చు. ఫ్యామిలీసెర్చ్ అనే సైట్‌లో ఫ్రీగా చాలా దొరుకుతాయి. ఇక ఉమ్మి పంపితే వంశం చెప్తామనే డీఎన్‌ఏ కంపెనీల సంగతి కాస్త ఆలోచించి. 23అండ్‌మీ అనే పెద్ద కంపెనీ నుంచి 2023లో లక్షలమంది వివరాలు బయటికి పోయాయి, 2025లో అది దివాలా పిటిషన్ వేసింది. పైగా ఆ టెస్టు మీ తాతది ఏ ఖండమో చెప్తుంది, ఏ ఊరో చెప్పదు.

అత్త పేరు కోడలు తీస్తదా?

మొదటి చిట్కా నేనూ పాటించా. మా నాయనమ్మకు ఎనభై ఆరేళ్లు. పొద్దున తిన్నది సాయంత్రానికి గుర్తుండదు, అరవై ఏళ్ల కిందటిది మాత్రం నిన్న జరిగినట్టు చెప్తుంది. ఆ అరవై ఏళ్లది కూడా ఎన్నాళ్లుంటుందో తెలియదు. అందుకే ఆలస్యం చేయలేదు. మంచం పక్కన ఫోన్ పెట్టి కూర్చున్నా.

"నాయనమ్మా, మీ అత్త పేరేంది?"

"అత్త పేరు కోడలు తీస్తదా బిడ్డా?" అని నవ్వింది.

అందుకే అన్నమాట ఇన్నాళ్లూ ఆ పేరు ఎవరికీ తెలియనిది! మరిచిపోయి కాదు, మర్యాద కోసం. ఆ మర్యాదలో పడి ఒక మనిషి పేరే పోయింది.

దారి మార్చి అడిగా. "మరి అందరు ఏమని పిలిచేటోళ్లు?"

"ఆలేరామె అనేటోళ్లు. ఆలేరు నుంచి వచ్చింది గద."

ఆలేరు! కాజీపేట రూట్‌లో జనగామ కంటే ముందొచ్చే స్టేషన్. నేను ఎన్నిసార్లు ఆ ప్లాట్‌ఫామ్ మీద రైలు ఆగితే కిటికీలోంచి చూశానో. మగవాళ్ల పేర్లు మిగిలి ఊళ్లు పోయిన ఇంట్లో, పేరే తెలియని ముత్తవ్వ ఊరు మాత్రం ఆమె పిలుపులోనే మిగిలింది.

చాలు అనుకుని ఫోన్ ఆపబోయా. నాయనమ్మే మళ్లీ మాట్లాడింది.

"మీ తాత మీ చిన్న మేనత్తను ఎప్పుడన్న పేరు వెట్టి పిలిచిండా? చూసినవా నువ్వు?"

ఆలోచించా. నిజమే. మిగతా పిల్లలందరినీ పేరు పెట్టి తిట్టేవాడు. చిన్న మేనత్తను ఒక్కదాన్ని మాత్రం "అమ్మా" అనే పిలిచేవాడు. ముద్దుకు అనుకునేవాళ్లం.

"ఎందుకు పిలుస్తడు? అమ్మ పేరు వెట్టుకున్నడు గద. అమ్మను పేరు వెట్టి ఎట్ల పిలుస్తడు?"

నాకు ఒక్కసారి కిట్టీ గుర్తొచ్చింది. ఆమెకు రిజిస్టర్‌లో రాసిన క్యాథరిన్ అనే పేరు మద్రాసులో చిన్న వయసులోనే పోయిన వాళ్ల నాయనమ్మది కూడా. నాకు ఆ పేరు చార్లెస్టన్, లండన్, మద్రాసు చుట్టూ తిరిగితే గానీ దొరకలేదు. మా ముత్తవ్వ పేరు మాత్రం రోజూ మా ఇంట్లోనే తిరుగుతోంది. రేషన్ కార్డు మీద ఉంది, వాట్సాప్ గ్రూపులో ఉంది, పొద్దున్నే గుడ్ మార్నింగ్ పువ్వుల ఫోటోలు పంపుతోంది.

ఆ రాత్రి తమ్ముడికి పేరు, ఊరు రెండూ పంపా. వాడు నాలుగో తరం గీతలో రాసి ఫోటో తీసి గ్రూపులో పెట్టాడు. అందరికంటే ముందు చిన్న మేనత్త చూసింది. కాసేపు టైపింగ్ అని వచ్చింది, పోయింది, మళ్లీ వచ్చింది. చివరికి ఒక్క మాట పంపింది.

"నాయన నన్ను అమ్మా అన్నప్పుడల్లా ఆమెనే పిలిచిండా?"